ఐదో మాట ఎవరికి

మా కాలేజీ ప్రార్థన గుంపులో పేర్లు రాసే పని నాది. దస్తూరి బాగుంటుందని మొదటి సంవత్సరంలోనే నోటుబుక్కు నా చేతిలో పెట్టారు. గురువారం బైబిలు వాక్యం ఎవరు చెప్పాలి, పాట ఎవరు ఎత్తుకోవాలి, చాపలు ఎవరు పరవాలి, అన్నీ నేనే రాసి చర్చి వరండా స్తంభానికి అంటించేదాన్ని. ఆ కాగితాల్లో ఎక్కడా నా పేరు ఉండదన్న సంగతి ఇంకెవరూ గమనించలేదు. నేను ప్రతి గురువారం గమనించేదాన్ని.

మా కాలేజీ గుంటూరు దాటి చిలకలూరిపేట వైపు వెళ్ళే దారిలో, మిరపచేల మధ్య ఉంటుంది. ఫిబ్రవరి వచ్చిందంటే కల్లాల్లో కాయలు ఎండుతుంటాయి. గాలి ఇటు తిరిగితే క్లాసులో అందరం ఒకేసారి తుమ్ముతాం. గేటు ఎదురుగా ఉన్న చిన్న చర్చి వరండాలో మా కూటం. దాన్ని నడిపే అక్క గుంటూరు నుంచి స్కూటీ మీద వస్తుంది. కాలేజీలు తిరిగి విద్యార్థుల చేత బైబిలు చదివించడమే ఆమె ఉద్యోగం. మేమంతా స్కూటీ అక్క అంటాం.

గుడ్ ఫ్రైడే నాడు మా చర్చిల్లో మధ్యాహ్నం మూడు గంటల సేపు, సిలువ మీద యేసు పలికిన ఏడు మాటల్ని ఏడుగురు వివరిస్తారు. ఆ రోజుకు హాస్టలు ఖాళీ అయిపోతుంది కాబట్టి మేం ఒక వారం ముందే జరుపుకుంటాం. విద్యార్థులే మాట్లాడతారు, ఒక్కొక్కరికి పది నిమిషాలు. ఐదో మాట దప్పిక గురించి, "నేను దప్పిగొనుచున్నాను" అని. ఏడింటిలోకీ చిన్నది.

నాకు ఆ మాట కావాలి. వేటపాలెంలో మా చర్చిలో చిన్నప్పటి నుంచీ వింటున్నాను. ఐదో మాట వచ్చేసరికి ఉపవాసం ఉన్నవాళ్ళ తలలు వాలిపోతుంటాయి. చెప్పే పెద్దాయన కూడా గబగబా ముగించేస్తాడు. అమ్మ పక్కన కూర్చుని, నేనైతే ఇలా చెప్పను అనుకునేదాన్ని. ఎలా చెప్తానో ఎవరితోనూ అనలేదు. డిగ్రీ రెండో సంవత్సరంలో, గుడ్ ఫ్రైడేకి ముందు వచ్చే నలభై రోజుల శ్రమకాలం మొదలైన బుధవారం నాడు, దాన్ని డైరీలో రాయడం మొదలుపెట్టాను. మూడు పేజీలయింది. బావి దగ్గర ఒక స్త్రీని నీళ్ళడిగిన యేసు చివరి రోజునా నీళ్ళ కోసమే నోరు తెరిచాడని, ఆ రెండు దాహాల మధ్య ఎంతమందికి తాగడానికి ఇచ్చాడో చూడమని రాసుకున్నాను. గదిలో ఎవరూ లేనప్పుడు అద్దం ముందు నిలబడి చదివి చూసుకున్నాను. తొమ్మిదిన్నర నిమిషాలు పట్టింది.

పేర్లు ఖాయం చేసిన రోజు స్కూటీ అక్క చాప మీద కూర్చుని చెప్తుంటే నేను రాస్తున్నాను. మొదటి మాట, రెండోది, మూడోది, నాలుగోది అయ్యాయి. ఐదు అంకె వేసి, పక్కన చుక్క పెట్టి ఆగాను. అక్క నా వైపు చూసింది. ఇప్పుడంటుంది అనుకున్నాను.

"మన కనిగిరి అమ్మాయికి రాయమ్మా," అంది.

రాశాను. అక్షరాలు ఎప్పటిలాగే గుండ్రంగా వచ్చాయి. వంకర పోయినా బాగుండేది.

కనిగిరి అమ్మాయి ఆ సంవత్సరమే చేరింది. వచ్చిన నెలలోనే వరండాలో ఆమె కోసం చోటు ఉంచడం మొదలైంది. "ఇటు రావే, ఇటు" అని ఇద్దరు ముగ్గురు పిలిచేవాళ్ళు. నేను రెండేళ్ళుగా స్తంభం పక్కనే కూర్చుంటున్నాను. ఆ చోటు నా కోసం ఎవరూ ఉంచక్కర్లేదు, ఎవరికీ అక్కర్లేదు కాబట్టి. ఆమె గట్టిగా నవ్వేది. ప్రార్థనలో కళ్ళు మూసుకోగానే ఆమెకు ఏడుపొచ్చేది. నాకెంత ప్రయత్నించినా వచ్చేది కాదు. వాక్యం తప్పు చదివినా స్కూటీ అక్క ఆమె వీపు తట్టేది. నేను తప్పు చదవను, నా వీపు ఎవరూ తట్టలేదు. ఒకసారి ఆ అమ్మాయి నా బైబిలు అడిగి తీసుకుని పెన్నుతో గీతలు గీసి ఇచ్చింది. తరవాత చూస్తే అవి నేను గీసుకోవాలనుకుని, పుస్తకం పాడవుతుందని మానేసిన చోట్లే. అలాంటప్పుడు ఆమెను ద్వేషించడం చాలా తేలికగా ఉండేది. ఆమె మాత్రం నన్ను చూడగానే "అక్కా" అని మెస్సు అవతలి మూల నుంచి కేక వేసేది.

పేర్లు అంటించిన మర్నాడు నా గదికి వచ్చింది.

"అక్కా, నాకు రాసిపెట్టవా? నాకు మాట్లాడ్డం వచ్చు గానీ, పెద్దోళ్ళ ముందు చెప్పేలా రాయడం రాదు. నీకు పుస్తకాలన్నీ వచ్చు కదా."

"ఎన్ని నిమిషాలు?" అన్నాను, తెలియనట్టు.

"పది. నువ్వు ఐదే రాయి. మిగతా ఐదు నీళ్ళు నమిలేస్తా," అని నవ్వింది.

డైరీ నా ఒళ్ళోనే ఉంది. అందులో ఆ మూడు పేజీలున్నాయి. అట్ట మూసి, దిండు కిందకు తోసి, రేపు ఇస్తానన్నాను.

ఆ సాయంత్రం నేను చేసిన పని ఇది. లైబ్రరీ నుంచి నిఘంటువు తెచ్చుకున్నాను. మామూలుగా ఒక మాట చాలిన చోట నాలుగు మాటలు కలిపి గొలుసు కట్టాను. దప్పిక అనే మాట ఒక్కసారి కూడా రాయలేదు. పిపాస అన్నాను, తృష్ణ అన్నాను. రెండో వాక్యంలోనే "దుర్భరపిపాసాగ్నిజ్వాలాదగ్ధకంఠుడై" అని పెట్టాను. అర్థంలో తప్పు లేదు. ఎవరైనా అడిగితే, గంభీరంగా ఉండాలని అలా రాశాను అని చెప్పుకోవచ్చు. చక్కటి దస్తూరిలో రెండు పేజీలు నింపి, మర్నాడు ఉదయం మెస్సులో ఆమె పళ్ళెం పక్కన పెట్టాను. ఆమె తెరిచి చూసి, "అబ్బ, ఎంత బాగుందో చూడటానికి," అంది. చదివి చూడు అనలేదు నేను. పరీక్షల రోజులు, ఆమెకు తీరిక ఉండదని నాకు తెలుసు.

ఏడు మాటల కూటానికి నలభై మంది దాకా వచ్చారు. వేపపూత రాలి వరండా మెట్లన్నీ తెల్లగా ఉన్నాయి. దగ్గర చేలో మిరపకోతలు జరుగుతున్నాయి, ఆడవాళ్ళ మాటలు గాలికి వినపడుతున్నాయి. నాలుగో మాట చెప్పిన అన్నయ్య కూర్చోగానే ఆమె లేచి, నా కాగితం విప్పింది. మొదటి వాక్యం ఎలాగో దాటింది. రెండో వాక్యం దగ్గర "దుర్భర" అని ఆగింది. మళ్ళీ "దుర్భరపి" అంది. వెనక ఎవరో, "ఊపిరి తీసుకో తల్లీ, రైలు పెద్దది," అన్నారు. అబ్బాయిల వైపు నవ్వులు లేచాయి.

నాకు సంతోషమైంది. దానికి వేరే పేరు పెట్టను.

ఆమె కూడా నవ్వింది. కాగితం నాలుగు మడతలు పెట్టి బైబిల్లో దోపింది.

"మా అక్క చాలా బాగా రాసిచ్చింది. నా నోటికే తిరగట్లేదు. నాకు తెలిసింది చెప్తా, ఏమనుకోకండి," అంది.

తరవాత చెప్పింది. వాళ్ళది మెట్ట. బోరు నీళ్ళు తాగితే పళ్ళు గారపడతాయి. ఏటా సంక్రాంతి వెళ్ళాక వాళ్ళ అమ్మ ఊళ్ళో వాళ్ళతో కలిసి ఇటు మిరపకోతలకు వస్తుంది. చేను గట్టున ప్లాస్టిక్ పట్టాల గుడిసెలు వేసుకుని రెండు నెలలుంటారు. ఇంటర్ దాకా సెలవులొస్తే తనూ వచ్చేది.

"పొద్దున్నించీ కాయలు కోసిన చెయ్యి ఎలా మండుద్దో మీకు తెలీదు. ఆ చేత్తో కన్ను తుడుచుకోకూడదు. పెదవికి తగలకూడదు. సాలు చివర క్యానులో నీళ్ళుంటాయి. దాహం చచ్చేంతగా ఉంటది, ఆ గ్లాసు ముట్టుకోవాలంటే భయం. మా అమ్మ చేతులు రెండూ ఎనక్కి పెట్టుకుని, తల ఎత్తి, నోరు తెరిచేది. నేను పోసేదాన్ని. చిన్నదాన్ని కదా, ముక్కులోకి పోసేదాన్ని. అమ్మ ఉక్కిరిబిక్కిరై, 'ఒసే, నన్ను చంపుతావా' అని నవ్వేది."

చెప్తూ తనూ చేతులు రెండూ వెనక్కి పెట్టి చూపించింది.

"ఆయన చేతులూ అంతే కదా. మేకులు కొట్టేశారు. చేతులుండీ నీళ్ళు తాగలేడు. అందుకే అడిగాడు. ఎవరో ఒకరు ఎత్తి నోటికి అందించాలి. నాకు ఆ మాట ఎప్పుడు చదివినా మా అమ్మ నోరు తెరుచుకుని నిలబడ్డదే కనపడుద్ది. అంతేనండి."

ఐదు నిమిషాలు కూడా కాలేదు. కూర్చుంది. స్కూటీ అక్క ఆరో మాట వాళ్ళను పిలవడం మర్చిపోయి అలాగే ఉండిపోయింది. అవతల చేలోంచి ఎవరో నీళ్ళ కోసం కేకేశారు. నాకు చప్పున నా మూడు పేజీలు గుర్తొచ్చాయి. బావి ఉంది, స్త్రీ ఉంది, రెండు దాహాలున్నాయి. చేతుల సంగతి నాకు తట్టనే లేదు. ఇన్నేళ్ళు విని, ఇన్నిసార్లు చదివి, ఆ చేతుల్ని నేను చూడలేదు. అప్పటిదాకా ఆమెకు దొరికిన అవకాశం మీద ఏడ్చాను. ఆ క్షణం నుంచి ఆమె చెప్పిన ఆ మాట మీదే ఏడుపు మొదలైంది, ఇది ఇంకా ఘోరంగా ఉంది.

మర్నాడు ఊరికి వెళ్ళే బ్యాగు భుజాన వేసుకుని మళ్ళీ నా గదికొచ్చింది. చేతిలో అదే కాగితం.

"అక్కా, ఇది సాపుగా చదవడం నేర్పు. గుడ్ ఫ్రైడేకి మా ఊరి చర్చిలో కూడా ఐదో మాట నాకే ఇచ్చారు."

"నిన్న చెప్పిందే చెప్పొచ్చుగా."

"వాళ్ళకా? వాళ్ళందరూ కోతలకెళ్ళేవాళ్ళే. మంట సంగతి వాళ్ళకి నేను చెప్పాలా? కాలేజీకి పంపింది ఇందుకా అంటారు. చదువుకున్నదానిలా చెప్పాలి. మా అమ్మ ముందు వరసలో కూర్చుంటది."

కాగితం తీసుకున్నాను. రెండో వాక్యం దాకా చూసి, పెన్నుతో ఆ పొడుగు మాట కొట్టేశాను. తరవాతి వాక్యంలో ఇంకోటి కొట్టేశాను.

"ఎందుకు కొట్టేస్తున్నావ్?"

"కష్టంగా ఉన్నాయి."

"రాసేటప్పుడు తెలీదా?"

"తెలుసు."

ఆమె బ్యాగు కింద పెట్టింది. నేను దిండు కింద నుంచి డైరీ తీసి, మూడు పేజీలు చింపి ఆమె ముందు పెట్టాను. నిలబడే చదివింది, పెదవులు కదుపుతూ.

"ఇది బాగుంది. ఇదెప్పుడు రాశావ్?"

"శ్రమకాలం మొదట్లో."

"మరి ఇది ఇవ్వలేదేంటి?"

"ఇవ్వబుద్ధి కాలేదు. ఆ మాట నాక్కావాలి. నీకిచ్చారు."

తిడుతుందనుకున్నాను. ఆమె నా వంక వింతగా చూసింది.

"అయితే అడగొచ్చు కదక్కా. నేను అడిగితేనే ఇచ్చింది. ముందు వారం స్కూటీ వెనకాలే గేటు దాకా పరిగెత్తి, ఐదోది నాకివ్వండి అని అడిగా. 'ఇంకెవరూ అడగలేదు, తీసుకో' అంది."

కనిగిరి బస్సుకు టైమవుతోందని ఆమె బ్యాగు ఎత్తుకుంది. డైరీ పేజీలు తన బైబిల్లో పెట్టుకుంది. ఆ కాగితం కూడా నా చేతిలోంచి లాక్కుంది.

"అదెందుకు? పాడు కాగితం."

"ఉండనీ. నా మీద కోపంతో ఎవరూ ఇంత కష్టపడి రాయలేదు ఇంతవరకూ," అని మెట్లు దిగిపోయింది.

గుడ్ ఫ్రైడే సాయంత్రం వేటపాలెంలో ఉండగా ఫోనులో ఆమె గొంతు రికార్డింగు వచ్చింది. మేడ మీదకు వెళ్ళి విన్నాను. నా మూడు పేజీలు చదువుతుందేమో అనుకున్నాను. ఆమె చదివింది ఆ కాగితం. కొట్టేసిన మాటలతో సహా. దుర్భరపిపాసాగ్నిజ్వాలాదగ్ధకంఠుడై, ఎక్కడా తట్టుకోకుండా, మెట్టు మీద మెట్టు ఎక్కినట్టు. బస్సులో నాలుగు గంటలూ అదే పని చేసి ఉంటుంది. జనం స్తోత్రం అన్నారు. ఆఖర్న ఒక ఆడగొంతు దగ్గరగా, "మా పిల్లే," అంటోంది ఎవరితోనో.

ఆమెను పడగొట్టడానికి పెట్టిన మాటలవి. వాటికీ స్తోత్రం వచ్చింది, ఆమె నోట్లోంచి వచ్చింది కాబట్టి. ఆ రికార్డింగు ఆరుసార్లు విన్నాను. అసూయ తగ్గిందని రాస్తే డైరీలో అబద్ధం రాసినట్టే.

ఈ ఏడు మళ్ళీ కల్లాలు ఎరుపెక్కాయి. పోయిన గురువారం స్కూటీ అక్క చాప మీద కూర్చుంది, నేను నోటుబుక్కు తెరిచాను. కనిగిరి అమ్మాయి నాకెదురుగా కూర్చుని వేపపూత ఏరుకుంటోంది. ఆమె ఐదోది మళ్ళీ అడిగిందో లేదో నాకు తెలియదు. నేను అడిగి తెలుసుకోలేదు, ఆమె చెప్పలేదు. నాలుగు పేర్లయ్యాయి. ఐదు అంకె వేసి, చుక్క పెట్టాను.

"నాకు కావాలక్కా," అన్నాను.

అక్క తల ఎత్తింది. "ఏమన్నావమ్మా? వినపళ్ళేదు."

ఎదురుగా వేపపూత ఏరడం ఆగింది. పెన్ను మూత పెట్టి, చేతులు ఒళ్ళో పెట్టుకుని, ఇంకోసారి గట్టిగా అడిగాను.