ఎర్ర పెన్ను

శ్రీకాకుళం బస్టాండులో విజయనగరం బస్సు కోసం కూర్చున్నాను. నా జేబులోని ఎర్ర పెన్ను చూసి, పక్కన ఖాళీ చేపల గంపతో ఉన్న ఆవిడ "మాస్టారా బాబూ?" అంది. ఇంగ్లీషు మాస్టర్నన్నాను. వెంటనే కొంగుముడి విప్పి ఒక అర్జీ తీసింది.

"మా పిల్ల రాసినాది బాబూ. ఇంగ్లీసులో ఉంటే పెద్దాఫీసర్లు సదువుతారట. తప్పులుంటే సూడండి."

ఎర్ర పెన్ను చేతికొస్తే నేనిక ఆగను. కామాలు పెట్టాను, ఫుల్‌స్టాపులు పెట్టాను, క్రియలన్నీ సరిచేశాను. రెండు పేజీలూ ఎర్రబడ్డాయి. కాస్త గర్వంగానే "తిరగరాయమను" అని చేతికిచ్చాను.

ఆవిడ కాగితాలు ఒళ్లో పరుచుకుని అరచేత్తో నిమిరింది.

"మా ఆయన సముద్రం మీదకి వేటకెల్లి నెలైనాది. పడవ దొరికినాది, మనిషి దొరకనేదు. పిల్ల అదంతా సరిగ్గా సెప్పిందా? ఏటి రాసినాది బాబూ?"

రెండు పేజీలు అక్షరం వదలకుండా దిద్దాను. అందులో ఒక మనిషి పోయాడని నాకు తెలీలేదు.

"బాగా రాసిందమ్మా" అన్నాను.

ఆవిడ ఆ ఎర్ర గీతలకేసి చూసింది. తర్వాత నాకేసి చూసింది.