నలభై ఒక్క చుక్కలు

మా ఫిజిక్స్ మేస్టారు పోయారు. నాతో డిగ్రీ చదివిన స్నేహితురాలు నర్సీపట్నం నుంచి ఫోన్ చేసి చెప్పింది. పొద్దున్న కాఫీ తాగి, పేపరు చదువుతూ కుర్చీలోనే ఒరిగిపోయారట. అయ్యో అన్నాను. అనడం అయితే అన్నాను గానీ, నాలో మొదట కదిలింది బాధ కాదు. హమ్మయ్య, ఇంక అడిగేవాళ్ళు లేరు అనిపించింది. ఒక్క క్షణమే, కానీ అనిపించింది. మేస్టారు ఎంత మంచివారో రాయడానికి ఆయన శిష్యులు చాలామంది ఉన్నారు. ఆయనతో ఎంత తప్పుగా ప్రవర్తించానో రాయడానికి మాత్రం నేనొక్కదాన్నే ఉన్నాను.

మాది నాతవరం దగ్గర పల్లెటూరు. షేర్ ఆటోలో ఒక కాలు లోపల, ఒక కాలు బయట పెట్టుకుని నర్సీపట్నం కాలేజీకి వచ్చేదాన్ని. మేస్టారు లెక్చరరు కాదు, ల్యాబులో ప్రాక్టికల్స్ చేయించే డెమాన్‌స్ట్రేటరు. ఆ ఉద్యోగంలోనే చేరి, ఆ ఉద్యోగంలోనే రిటైరయ్యారు. రిటైరయ్యాక కూడా శనివారం శనివారం ల్యాబుకి వెళ్ళి పిల్లలకి ఊరికే నేర్పేవారు. కాలేజీవాళ్ళు వద్దనలేదు, రమ్మని పిలవనూ లేదు.

ల్యాబులో ఒక మూల నల్లగుడ్డ కట్టి చీకటి గది చేశారు. పాదరసం దీపం వెలుగుని గాజు పట్టకం గుండా పంపితే విడివిడి రంగుగీతలుగా చీలిపోయేది. దాన్నే స్పెక్ట్రం అంటారు. ఒక్కో గీత ఏ కోణంలో ఉందో దుర్భిణిలో చూసి, వెర్నియర్ స్కేలు మీద సన్నటి గీతలు లెక్కపెట్టి రాసుకోవాలి. అందరికీ పసుపు, ఆకుపచ్చ గీతలు బేగి కనిపించేవి. చివర ఊదాగీత ఒకటి ఉండేది, ఉందో లేదో అన్నట్టు. చాలామంది దాన్ని వదిలేసేవారు. నేనూ కనపడలేదండీ అన్నాను. మేస్టారు నన్ను ఆ చీకట్లో స్టూలు మీద కూర్చోబెట్టి, కళ్ళు అలవాటు పడేదాకా లేవొద్దన్నారు. పదినిమిషాలు దోమలతో కుట్టించుకున్నాక కనపడింది. ఇవాళ నేను తింటున్న తిండి ఆ ఊదాగీత పెట్టిందే.

ఆయన పద్ధతి ఒకటుండేది. దుర్భిణిలో చూసేవాళ్ళు వేరు, పుస్తకంలో రాసేవాళ్ళు వేరు. చూసినవాళ్ళు అంకె పైకి చెప్పాలి, రాసేవాళ్ళు అదే అంకె తిరిగి పలికి రాయాలి. ఎంత రావాలో తెలిసినవాడి చేతికి పెన్ను ఇవ్వకూడదు అనేవారు. మాకది చాదస్తంలా ఉండేది. ఎందుకంటే మేమంతా చేసే పని వేరు. సరైన జవాబు గైడులో చూసేసుకుని, దాని నుంచి వెనక్కి లెక్కకట్టి రీడింగులు వేసేసేవాళ్ళం. దానికి వండటం అని పేరు. రెండో సంవత్సరంలో నేనూ వండేను. మేస్టారు రికార్డు తిరగేసి, వంట బాగుందమ్మాయ్, కాస్త ఉప్పేస్తే తినొచ్చు అన్నారు. క్లాసంతా నవ్వింది. నా ముఖం మాడిపోయింది. అందరూ వెళ్ళాక పిలిచి, నీకొచ్చిన తప్పు జవాబు తెచ్చుకో, దానికే మార్కులేస్తాను అన్నారు. వేశారు కూడా.

తరవాత నేను దూరం వెళ్ళి చదువుకున్నాను, ఒక పరిశోధన సంస్థలో చేరాను. న్యూట్రాన్ నక్షత్రాల నుంచి వచ్చే ఎక్స్‌రేలని ఉపగ్రహం పట్టుకుంటుంది. వాటిని శక్తిని బట్టి గుంపులుగా వేరుచేస్తాం. గుంపుకొక చుక్క పెడితే గ్రాఫు వస్తుంది. ఆ చుక్కలకి సరిపోయే మోడల్ ఏదో కంప్యూటరులో వెతికితే నక్షత్రం ఎంత వేడిగా ఉందో, ఎంత వెడల్పు ఉందో తెలుస్తుంది. సెలవుల్లో మేస్టారింటి వరండాలో కూర్చుని ఇదంతా ఆయనకి చెప్పాను. సూర్యుడికంటే బరువండీ, కానీ తీసుకొచ్చి పెడితే నర్సీపట్నానికీ కృష్ణదేవిపేటకీ మధ్య పట్టేస్తుంది అన్నాను. మేస్టారు, మరి దాన్ని ఇంత దూరం నుంచి కొలవడానికి ఎంత నిజాయితీ కావాలో కదా అన్నారు. మెచ్చుకుంటున్నారని పొంగిపోయాను, బుద్ధిలేనిదాన్ని.

నా పేరు మొదట ఉన్న మొదటి పరిశోధన పేపరు రెండేళ్ళ కిందట అచ్చయింది. నలభై నాలుగు చుక్కల స్పెక్ట్రం అది. అందులో తక్కువ శక్తి వైపు మూడు చుక్కలు మోడల్‌కి లొంగలేదు. వాటిని ఉంచితే వ్యాసార్థం మేమనుకున్న దానికంటే కిలోమీటరున్నర పెరుగుతోంది. తీసేస్తే గీత వెన్నలా సాగిపోతోంది. ఆ వైపు పరికరం అంత నమ్మకమైనది కాదులే అని నాకు నేనే చెప్పుకుని తీసేశాను. నిజంగా అలా అనుకుంటే ఆ సంగతి పేపర్లో రాయొచ్చు. రాయలేదు. రాస్తే ఎందుకని అడుగుతారు, మళ్ళీ ఆర్నెల్ల పని. అప్పుడు నా ఉద్యోగం పర్మనెంటు చెయ్యాలా వద్దా అని చూస్తున్నారు. నాతో పేపరు రాసినవాళ్ళకీ చెప్పలేదు. గ్రాఫు కొత్తది గీశాను, లోపల మాత్రం మొత్తం నలభై నాలుగూ వాడాం అన్న పాత వాక్యం అలాగే ఉండిపోయింది. అచ్చేసిన పత్రికవాళ్ళు లెక్కపెట్టలేదు, ఎవరూ లెక్కపెట్టలేదు.

మేస్టారు లెక్కపెట్టారు. గొప్ప కోసం నేనే ఆయనకి పంపాను. బస్సు కాంప్లెక్సు దగ్గర జెరాక్సు షాపులో గ్రాఫు పేజీ పెద్దది చేయించుకుని, పెన్సిలు పట్టుకుని కూర్చున్నారట. ఆదివారం పొద్దున్నే ఫోన్ చేశారు. ముందు ఆశీర్వదించారు. ఇంగ్లీషు సగం అర్థం కాలేదని చెప్పారు. తరవాత మొహమాటంగా అడిగారు.

"ఏటమ్మాయ్, మూడుసార్లు లెక్కెట్టేను, నలభై ఒకటే వస్తన్నాయి. మిగతా మూడూ ఎక్కడున్నాయో సెప్పు, సూసుకుంటాను."

నిజం చెప్పడానికి అంతకంటే మంచి మనిషి ఈ భూమ్మీద నాకు దొరకరు. ఆయన తిట్టరు, ఎవరికీ చెప్పరు, ఎలా సరిదిద్దాలో కూర్చోబెట్టి చెప్తారు. అవన్నీ తెలిసి కూడా నోటికొచ్చిన అబద్ధం ఆడేశాను. "ఆ మూడూ ఒకదాని మీద ఒకటి పడ్డాయండీ, జెరాక్సులో తెలీదు. అయినా ఓసారి కళ్ళు చూపించుకోండి మేస్టారూ, వయసొచ్చింది కదా." చివర చిన్న నవ్వు కూడా నవ్వాను.

ఆయన, అంతేనేమోనమ్మా, నీ టైము పాడుచేశాను, ఏమనుకోకు అని పెట్టేశారు. నేను వెళ్ళి టీ పెట్టుకున్నాను. ఆ తరవాత ఆయన ఫోన్ వస్తే ఎత్తడానికి భయం. మూడుసార్లు చేస్తే ఒకసారి ఎత్తేదాన్ని, మీటింగులో ఉన్నానండీ అనేదాన్ని. ఉద్యోగం పర్మనెంటు అయింది.

పదకొండో రోజుకి వెళ్ళాను. యలమంచిలిలో రైలు దిగి ఆటో ఎక్కితే, దారిపొడుగునా దిగిపోదామా అన్న ఆలోచనే. మేస్టారి భార్యని మేమంతా అమ్మగారు అంటాం. నన్ను చూడగానే చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళారు. వచ్చిన ప్రతివాళ్ళకీ నా పేపరు చూపించేవారని చెప్పారు. నేను తల ఎత్తలేకపోయాను. ఆవిడ అది దుఃఖం అనుకున్నారు.

"నువ్వు సెప్పేవు కదమ్మా, ఆ వారమే కళ్ళ డాక్టరు దగ్గరికెళ్ళేరు," అన్నారు. డాక్టరు పరీక్ష చేసి, కంట్లో పొర లేదు, పాత అద్దాలే సరిపోతాయి పొమ్మన్నాడట. మేస్టారు నమ్మలేదు. మా అమ్మాయి రోజూ నక్షత్రాలు కొలిచే మనిషి, ఊరికే అనదు అన్నారట. పట్టుబట్టి, అదే పవరుతో కొత్త జోడు చేయించుకున్నారు. రోజూ పొద్దున్న పళ్ళెంలో గుప్పెడు పెసలు పోసుకుని లెక్కపెట్టేవారట. తరవాత అమ్మగారిని లెక్కపెట్టమనేవారు.

"ఒక్కనాడూ తప్పలేదమ్మా. అయినా కంటికి నమ్మకం పోయిందనీసేరు. ఎర్నియరు సూడలేనోడు పిల్లలకేటి నేర్పుతాడని శనివారాలు మానీసేరు."

శనివారాలు మానేశారన్న సంగతి అప్పటిదాకా నాకు తెలీదు. రెండేళ్ళు. ఆ మనిషికి ఇంకో సరదా లేదు, ఇంకో పిచ్చి లేదు. చక్కగా పనిచేస్తున్న కళ్ళని, నా ఉద్యోగం కోసం, ఒక్క మాటతో ఆయన దగ్గర్నుంచి లాగేసుకున్నాను. డాక్టరు చెప్పినా నమ్మలేదు, పెసలు చెప్పినా నమ్మలేదు, నన్ను నమ్మారు. ఛీ, ఏం మనిషిని నేను.

ఈ వ్యాసం మీకు పంపేముందే, ఆ పేపరు అచ్చేసిన పత్రికకి సవరణ పంపేశాను. మూడు చుక్కలూ కలిపాను, వ్యాసార్థం మారింది, ఎందుకు తీశానో ఉన్నదున్నట్టు రాశాను. మా సంస్థలో విచారణ ఉంటుందంటున్నారు. ఉండనీ. ఇది చదివి నన్ను క్షమించమని ఎవరినీ అడగటం లేదు. మేస్టారు లెక్క తప్పలేదని ఆయన్ని ఎరిగినవాళ్ళందరికీ తెలియాలి, అంతే.

అన్నిటికంటే ముందు, ఆరోజే అమ్మగారికి చెప్పాను. ఏడుస్తూ చెప్పాను కాబట్టి సగం అర్థమై ఉండదు. చుక్కలు ఆ కాగితంలో లేనేలేవండీ, నేనే తీసేశాను, ఆయన సరిగ్గానే చూశారు అన్నాను. ఆవిడ నన్ను తిట్టలేదు. ఓదార్చనూ లేదు. లేచి వెళ్ళి అలమారలోంచి మడతలు నలిగిన ఆ జెరాక్సు కాగితం, మేస్టారి కళ్ళజోడు తెచ్చారు. కాగితం నేల మీద పరిచి, జోడు పెట్టుకుని, వేలితో ఒక్కో చుక్కనీ తాకుతూ పైకి లెక్కపెట్టడం మొదలుపెట్టారు. నేను ఎదురుగా కూర్చున్నాను. నలభై ఒకటి దగ్గర వేలు ఆగింది. ఆ వేలు అక్కడే ఉంచి, ఇంకా ఏమైనా ఉన్నాయేమో అని, కాగితం చివరిదాకా ఖాళీలో వెతుకుతున్నారు.