దినాలు చేయని మనిషి

మా అక్కను కోరుట్లకు ఇచ్చారు. బావకు అక్కడ చిన్న సైకిల్ షాపు ఉండేది. ఊళ్లలో అన్నలు, పోలీసులు అన్న మాటలు తప్ప ఇంకోటి వినపడని రోజులవి. బావ ఏ పక్షమూ కాదు. ఎవరో ఇద్దరికి ఒక పూట అన్నం పెట్టాడట, అంతే. ఒక ఉదయం మామూలు బట్టల్లో వచ్చిన కొందరు ఆయన్ని జీపు ఎక్కించుకున్నారు. పంక్చరు వేస్తున్న చేతులైనా కడుక్కోనివ్వలేదు.

"మాట్లాడేదున్నది. పొద్దుమీకంగ పంపిస్తం" అన్నారట. పంపలేదు. ఎక్కడ అడిగినా తమ దగ్గర లేడన్నారు.

ఎదురుకాల్పుల వార్త వచ్చినప్పుడల్లా సిరిసిల్ల నుంచి బాపు, కోరుట్ల నుంచి అక్క జగిత్యాల ఆసుపత్రికి వెళ్లేవాళ్లు. ఒకసారి నేనూ వెళ్లాను. అక్క ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని శవాల గదిలోకి పోయి వచ్చింది.

"ఆయన గాదు."

బాపు దేవుడికి దండం పెట్టుకున్నాడు. గోడ పక్కన ఒక ముసలామె "నా కొడుకే, నా కొడుకే" అంటూ నేల మీద పొర్లుతోంది. అక్క ఆమెనే చూస్తూ నిలబడిపోయింది. బస్సులో కూర్చున్నాక మెల్లగా అంది.

"బాపూ, గా శవం ఆయనదే అయితె మంచిగుండు."

బాపు కిటికీ వైపు తిరిగి తువ్వాలతో ముఖం కప్పుకున్నాడు.

కొన్నేళ్లకు అక్క వాళ్ల అత్త, బావకు దినాలు చేద్దామంది. శవం దొరకని వాళ్లకు దర్భలతో బొమ్మ చేసి కాల్చడం ఉంది.

"వాని పానం ఎటు పోలేక తిరుగుతుంటది బిడ్డా."

"ఏడన్న బతికుంటెనో అత్తా? నా చేతులతోటి నేనే సంపినట్టయితది."

అత్త మళ్లీ అడగలేదు. అక్క సిరిసిల్లలో మా ఇంటికి వచ్చేసి, మగ్గాలకు నూలు కండెలు చుట్టేది. పేరంటాలకు ఆమెను పిలవాలో వద్దో తెలియక ఎవరూ పిలవలేదు. రోజూ స్నానం కాగానే బొట్టు పెట్టుకునేది. మొదట్లో అందులో ఆశ ఉండేదేమో. తర్వాత తర్వాత పళ్లు తోముకున్నట్టే పెట్టుకునేది. బస్సు చప్పుడైతే వాకిట్లోకి పోవడం కూడా మానేసింది.

దగ్గు మొదలైంది. మందులు తెస్తే మింగేది కాదు, దిండు కింద పెట్టేది. చలికాలం చివర పోయింది.

శవానికి స్నానం చేయించాక గాజులు, పసుపు, కుంకుమ పళ్లెంలో పెట్టుకుని ఆడవాళ్లు ఆగిపోయారు. ముత్తైదువుగా పంపాలా, వద్దా అని.

"మొగడు లేనోళ్లకు పెట్టొద్దమ్మా, అరిష్టం" అంది ఒకామె.

అమ్మ ఆ పళ్లెం లాక్కుంది. "మొగడు సచ్చిండని నా బిడ్డ ఎన్నడన్న అన్నదా? నువ్వెట్లంటవు?" తనే గాజులు తొడిగింది. తొడుగుతుంటే రెండు గాజులు పగిలాయి.

కోరుట్ల నుంచి వచ్చిన అత్త ఓ మూల కూర్చుని ఉంది. పాడె లేచేటప్పుడు ఆమె గొంతు ఒక్కసారిగా లేచింది.

"ఇగ నా కొడుకు కోసం ఎవలు సూస్తరే!"

ఆ ఏడే ఆమె కూడా పోయింది. బావకు దినాలు ఎవరూ చేయలేదు. చేద్దామా అని నేను ఒకసారి బాపును అడిగాను. "ఎవలకు?" అన్నాడు. ఆయన మతి అప్పటికే సరిగా లేదు. నేను మళ్లీ అడగలేదు.