గళ్లు గీసినవాడి తప్పు

మూడేళ్లుగా నా గుండెల మీద ఒక పలక ఉంది. మార్కాపురం పలకే, కానీ లారీకి ఒకటే పట్టేంతది. మీకొక్కరికే చెబుతున్నాను.

మా ఊళ్లో ఒక పలకల ఫ్యాక్టరీకి, రాయి కోసే యంత్రాన్ని నడిపే సాఫ్ట్‌వేర్ రాశాను. దాన్నెలా వాడాలో చెప్పే టెక్స్ట్ ఫైలు కూడా నాదే. ఏ రాయికి బ్లేడు ఎంత వేగంతో తిరగాలో అందులో పట్టిక వేశాను. నిలువు గీతలు, అడ్డగీతలు, మధ్యలో స్పేస్ మీటతో ఖాళీలు కొట్టికొట్టి గళ్లు తీర్చాను. కోట కట్టిన రాజు కూడా తన బురుజును అంతసేపు చూసుకుని ఉండడు.

యంత్రం నడిపేది మరియమ్మక్క. అక్కడ బ్లేడు ముందు నిలబడ్డ మొదటి ఆడమనిషి. ఫైలు చూసి అంది:

"ఈ గళ్లన్నీ ఏంది తమ్ముడూ? రాయి పేరు రాసి, దాని కిందనే దాని సంగతి రాయి. సరిపోతాది."

"గళ్లుంటే అందమక్కా."

"నేను రాయి కోసేదానికి వచ్చినా. అందం చూసేదానికి కాదు."

నవ్వేశాను.

తెలుగు అక్షరాల్లో ఒకటి లావు, ఒకటి సన్నం. నా ల్యాప్‌టాప్‌లో నిటారుగా నిలబడ్డ గళ్లు ఫ్యాక్టరీలోని చిన్న తెర మీద మెలికలు తిరిగాయి. వరుస చివరి అంకె తెగి కిందికి జారింది. మందపు రాయి వేగం పోయి పల్చటి రాయి పక్కన కూర్చుంది. కోత మొదలయ్యే ముందురోజే ఇది చూశాను. ఎందుకు సరిచేయలేదు? బద్ధకమా? కాదు. అంత ముద్దుగా గీసుకున్నవాటిని చెరపడానికి చెయ్యి రాలేదు.

మర్నాడు అక్క ఆ తెర మీది వేగంతోనే కోస్తే లారీ లోడు రాయి ముక్కలైంది. యజమానికి నా ల్యాప్‌టాప్ తెరిచి, అందులో తిన్నగా ఉన్న గళ్లు చూపించాను. "ఆమె సరిగా చదవలేదేమో" అన్నాను. ఆ "ఏమో" చాటున ఇంతవాణ్ణీ దాక్కున్నాను. అక్క నావైపు ఒకసారి చూసింది. ఆమెను యంత్రం దగ్గర్నుంచి తీసి, విరిగిన రాతి పెంకులు ఏరే పనిలో వేశారు.

ఆ వారమే గళ్లు చెరిపి, అక్క చెప్పినట్టే రాశాను. ఎంత సులువుగా ఉందో అని అందరూ మెచ్చుకున్నారు. అది ఎవరి ఆలోచనో అప్పుడైనా చెప్పానా? లేదు. ఆమె ఇంకా పెంకులే ఏరుతోంది. కనపడితే "బాగుండావా తమ్ముడూ" అంటుంది. తలూపుతాను.

అందుకే ఇక్కడ గళ్లు గీయడం లేదు. పేరు, దాని కిందనే సంగతి.

మరియమ్మక్క:
తెర మీద ఉన్నది ఉన్నట్టే చదివింది.

నేను:
తెలిసీ అబద్ధం చెప్పాను.