కళ్లంలో విన్న ఇరవై మూడు కథలు

2023 ఫిబ్రవరి. పొదిలి దగ్గర ఒక హైస్కూల్లో ఇంగ్లీషు చెబుతున్నాను. సర్వీసులో ముప్పై మూడో ఏడు. పదో తరగతిలో వెనకబడిన పన్నెండు మందికి ప్రత్యేక క్లాసు పెట్టి, ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరికే కథల లింకు రోజుకొకటి పంపేదాన్ని. ఆడియో నడుస్తుంటే తెర మీద చదివే మాట రంగు మారుతుంది. చివర ఐదు ప్రశ్నల క్విజ్. జవాబు నొక్కితే మార్కు నా ఫోనుకు వస్తుంది.

వాళ్లలో శ్రావణికి ఒకటో తేదీ నుంచి వరసగా ఇరవై మూడు సున్నాలు. బడికీ రావడం లేదు. పది తప్పితే మిరప కూలికే పంపుతానని వాళ్లమ్మ ముందే చెప్పింది. పది సున్నాలకు ప్రత్యేక క్లాసు నుంచి పేరు కొట్టేయడం నా నియమం. ఆ కూలి మాట గుర్తొచ్చి ఇన్నాళ్లూ ఆగాను. కొట్టేసే ముందు ఒకసారి అడుగుదామని 24వ తేదీ సాయంత్రం వాళ్లు పనిచేసే కళ్లానికి వెళ్లాను.

మిరపకాయల కుప్ప చుట్టూ ఏడుగురు ఆడవాళ్లు. మంచం కోడుకు కవర్లో వేలాడుతూ ఫోను ఇంగ్లీషు మాట్లాడుతోంది.

"ఒక్క జవాబైనా నొక్కలేదేం?"

శ్రావణి అరచేతులు చూపించింది. రంగు పోయిన తాలుకాయలు ఏరి ఏరి కారానికి కందిపోయాయి. "ఈ చేతుల్తో అమ్మ ఫోన్ ముట్టుకోనివ్వదు టీచర్."

"ఆ ఫోన్ నేను చెవిన పెట్టుకోవాలి గదండీ!" అంది వాళ్లమ్మ.

"మరి విన్నదేమైనా ఎక్కిందా?"

శ్రావణి నోరు తెరిచేలోగా పక్కనున్న ముసలి కోటమ్మ అందుకుంది. "అదేందమ్మా! ఆ పిల్ల తెలుగులో చెప్పందే ఇక్కడ కాయ కదలదు. నిన్నటి కథే ఇంకా తేలలా. పక్కింటామె ఉత్తరం ఆ ముసల్ది పదేళ్లు పెట్టెలో దాచింది గదా. ఇయ్యకూడదనుకుంటే పొయ్యిలో పెట్టేది. ఎందుకు దాచినట్టు?"

క్విజ్‌లో ఉత్తరం ఎవరిది, ఎక్కడ దాచింది అని ఉంది. ఈ ప్రశ్న లేదు. నాకూ తట్టలేదు.

"ఇంగ్లీషులో చెప్పు," అన్నాను శ్రావణితో.

కాయలు ఏరుతూనే చెప్పింది. "షీ వాంటెడ్ టు గివ్ ఇట్, టీచర్. ఎవ్రీ డే. షీ వాజ్ అఫ్రైడ్."

"ఏమన్నావే?" అంది కోటమ్మ.

"రోజూ ఇద్దామనే అనుకుంది అవ్వా. భయమేసింది."

"అదీ! నేనూ అదే అనుకున్నా."

పొద్దు వాలేలోగా తొమ్మిది కథలు అడిగాను. తొమ్మిదీ చెప్పింది. రెండు చోట్ల కథలో నేనే పొరబడితే కోటమ్మ దిద్దింది. మిగతా పద్నాలుగూ అడగలేదు.

రిజిస్టర్‌లో ఇరవై మూడు సున్నాలూ కొట్టేసి, పక్కన తేదీ వేసి సంతకం చేశాను. శ్రావణి పది గట్టెక్కింది. ఇంగ్లీషులో డెబ్బై నాలుగు.

రిటైరయ్యే దాకా లింకులు పంపాను. క్విజ్ కింద మాత్రం ఒక వాక్యం చేర్చాను: ఈ కథ ఇంట్లో ఎవరికైనా చెప్పి, వాళ్లడిగిన ప్రశ్న రాసుకురండి.