ఆకు వెయ్యని బేరగాడు

షావుకారు నా మిరియాలను గుప్పెట్లోకి తీసుకుని, ముక్కు దగ్గర పెట్టుకుని, నేల మీద పారబోసిన రోజు నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టు ఉంది. అది చింతపల్లి సంత రోజు. అతని కొట్టు ముందు జనం కిటకిటలాడుతున్నారు.

"ఇయ్యి మిరియాలేటే? మేక పెంటికలు ఎండబెట్టి తెచ్చినట్టున్నావు" అన్నాడు.

అందరూ నవ్వారు. ఆ నవ్వినవాళ్లెవరో కూడా నాకు గుర్తే. వాళ్లలో ఒకామె మా ఊరి కోడలు. ఆమె పెళ్లిలో చెయ్యి నొప్పిపుట్టేదాకా వడ్డించింది నేనే. ఇంకో బేరం దొరకని రోజులవి కాబట్టి అతను చెప్పిన ధరకే ఇచ్చేసి వచ్చాను. వచ్చేటప్పుడు జీపులో కూర్చుని ఒకటే అనుకున్నాను. ఈ కాటా మీద నా గింజ ఇంకెప్పుడూ పడకూడదు.

అందుకే ఫోనులో వేలం పాట ఉందని తెలియగానే అందులో చేరాను. సరుకు ఫొటో పెడితే, ఎక్కడెక్కడివాళ్లో పాడతారు. గడువు ముగిసేసరికి ఎక్కువ పాడినవాడిది సరుకు. డబ్బు పంపితే మనం పార్శిల్ చెయ్యాలి. షావుకారు మొహం చూడక్కరలేదు. నాకు అంతకన్నా ఏం కావాలి?

ఆ ఏడు పంట బాగా వచ్చింది. కాఫీ తోటలో నీడకు పెంచిన సిల్వర్ ఓక్ చెట్ల నిండా మిరియం తీగలు. గెలలు కోసి, గింజ రాల్చి, కాగిన నీళ్లలో ఒక్కసారి ముంచి తీసి, వాకిట్లో టార్పాలిన్ మీద ఎండబోశాను. కోళ్లను తోలుతూ, మబ్బు పట్టినప్పుడల్లా పరుగెత్తి ఎత్తుతూ, చేత్తో పోస్తే గలగలమనేదాకా ఎండబెట్టాను. రాయిని, పుల్లని ఏరి పారేశాను. రోడ్డు మలుపులో బండరాయి ఎక్కితేనే మాకు సిగ్నల్ అందుతుంది. ఆ రాయి మీద కూర్చునే పాట చూశాను. ఇద్దరు పోటీపడ్డారు. చివరికి కొత్త కారు పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డ ఫొటో ఉన్న ఒకాయన గెలిచాడు. నేను రాయి దిగి ఇంటికి పరుగెత్తి, మూటల మీద విస్తళ్లు కుట్టే అడ్డాకు వేశాను.

ఆకు సంగతి చెప్పాలి. మా సంతలో బేరం కుదిరాక కొన్నవాళ్లు గంప మీద ఒక అడ్డాకు పరిచి, పైన చిన్న రాయి పెట్టి, మిగతా పనులు చూసుకోవడానికి వెళ్లిపోతారు. ఆకు పడ్డ గంపను ఇంకెవరూ ధర అడగరు, చెయ్యి కూడా పెట్టరు. ఎంత ఎక్కువ ఇస్తామన్నా అమ్మేవాళ్లు ఇవ్వరు. మా నాన్న ఒకసారి ఆకు పడ్డ చింతపండు గంప ముందు సంత మొత్తం ఖాళీ అయ్యేదాకా కూర్చున్నాడు. కొన్నాయన జీపు చెడిపోయి, కొండ ఎక్కి నడిచి వచ్చి మరీ తీసుకుపోయాడు. నేను ఆ నమ్మకంలో పెరిగినదాన్ని.

కారు ఫొటో మనిషి మాత్రం రాలేదు, డబ్బూ పంపలేదు. ముందు బ్యాంకు సర్వర్ పడిపోయిందన్నాడు. తర్వాత వాళ్లమ్మకి ఒంట్లో బాగోలేదన్నాడు. పాపం అనుకుని, ఆమెకి తగ్గాకే పంపమని నేనే మెసేజ్ పెట్టాను. ఆ జాలి తలుచుకుంటే నాకు ఇప్పటికీ మండుతుంది. తర్వాత ఫోను ఎత్తడం మానేశాడు. ఒకరోజు చూస్తే కారు ఫొటో కూడా మాయమైంది. నన్ను బ్లాక్ చేశాడు.

పాటలో రెండో స్థానంలో ఆగిపోయిన ఆమె ఈలోగా మెసేజ్ పెట్టింది. కొండ కింద మైదానపు ఊళ్లో పచ్చళ్లు పెట్టి అమ్ముకునే మనిషి. 'అమ్మా, ఆయన తీసుకోకపోతే నాకు ఇస్తారా?' అని అడిగింది. 'ఆకు పడిపోయిందండీ' అని రాశాను. 'ఏం ఆకు?' అని అడిగింది. కొండ కిందివాళ్లకి ఇవన్నీ ఎక్కడ చెప్పుకుంటూ కూర్చుంటామని వదిలేశాను.

ఇంతలో వానలు పట్టుకున్నాయి. మూటలు పొయ్యి దగ్గర పెడితే పొగ వాసన, దూరంగా పెడితే చెమ్మ. రోజూ మూటలో చెయ్యి పెట్టి చూసేదాన్ని. ఒకరోజు గింజ గలగలమనలేదు. అది చూసి మా అత్త అన్న మాట నా గుండెల్లో గుచ్చుకుంది.

"ఇంకేటి సూత్తన్నావే? బూజు పట్టకముందే ఆ సావుకారి కాటా మీద పొయ్యి. నీ పంతం కూట్లోకి వత్తాదేటి?"

"సత్తే పొయ్యను" అన్నాను.

"అయితే ఇంకోళ్లకి అమ్ము. అడుగుతన్నారన్నావు గదా."

"ఆకు పడింది గదత్తా."

అత్త మూటల దగ్గరికి వచ్చి, ఎండి ముడుచుకుపోయిన ఆకును తిప్పి చూసింది.

"ఇది ఎవులేసినారు?"

"నానే."

"ఓలమ్మో! కొన్నోడు గదే ఆకెయ్యాల! నువ్వే అమ్మి, నువ్వే కొని, నువ్వే ఆకేసుకుంతే ఆడికేటి నొప్పి? ఆడు మూట ముట్టినాడా, మన వాకిలి తొక్కినాడా?"

అయినా తప్పంతా నాదేనని నేను ఒప్పుకోలేదు, ఇప్పటికీ ఒప్పుకోను. పాట పాడినవాడిది మాట కాదా? కానీ ఆకు తీసి పొయ్యిలో పడేశాను. గొడుగు పట్టుకుని బండరాయి ఎక్కాను.

ముందు వేలం కంపెనీకి ఫోను చేశాను. ఒకమ్మాయి ఎత్తింది. కారు ఫొటో మనిషి మీద ఫిర్యాదు చెప్పాను.

"మేడమ్, బయ్యర్ వైపు కూడా మేము వినాలి కదా."

"వినమ్మా, బాగా విను. ఆయన ఎత్తితే నాకూ వినిపించు, మాట్లాడి చాలా రోజులైంది."

ఆ అమ్మాయికి నవ్వొచ్చింది కానీ ఆపుకుంది. పెద్దవాళ్లకి చెబుతానంది. చెప్పేదాకా, వాళ్లు ఆ మనిషిని పాటల్లోంచి తీసేశామని మెసేజ్ పెట్టేదాకా, వానైనా ఎండైనా ఆ రాయి ఎక్కుతూనే ఉన్నాను. చివర్లో ఆ అమ్మాయి నా గొంతు వినగానే "మిరియాలమ్మగారూ, చెప్పండి" అనేది.

ఫిర్యాదు పెట్టిన రోజే పచ్చళ్లామెకి కూడా చేశాను. చెమ్మ తగిలిన సంగతి దాచలేదు, తెరిపి ఇస్తే మళ్లీ ఎండబెట్టి పంపుతానన్నాను. ఆకు సంగతి కూడా మొదటినుంచీ చెప్పాను. అంతా విని ఆమె అడిగింది.

"అయితే నేనెలా వెయ్యాలండీ ఆకు? మీ దగ్గరికి ఇప్పటికిప్పుడు రాలేను కదా."

"కొంత డబ్బు ముందు పంపండి. అదే ఆకు."

నేను రాయి మీంచి దిగేలోపే ఫోను మోగింది. డబ్బు వచ్చింది. దాని వెనకే ఒక ఫొటో. ఖాళీ పచ్చడి జాడీ, దాని మూతి మీద ఒక బాదం ఆకు, ఆకు మీద గులకరాయి. 'మా ఊళ్లో అడ్డాకు దొరకదండీ' అని కింద రాసింది. నేను ఆ రాయి మీదే మళ్లీ కూర్చుండిపోయాను. ఇంటికి వెళ్లి అత్తకి చూపిస్తే, ఫోను దగ్గరగా, దూరంగా పెట్టుకుని చూసి, "ఈ పచ్చళ్ల గుంట ఆకేసి మరీ కొన్నాదే" అంది.

వాన తెరిపిచ్చాక మిరియాలు మళ్లీ గలగలమనేదాకా ఎండబెట్టాం. మూటలు కట్టాక, పచ్చళ్లామె తరఫున వాటి మీద అత్తే స్వయంగా పచ్చి అడ్డాకులు పరిచి తాడుతో బిగించింది.

పార్శిల్ ఆఫీసు షావుకారు కొట్టు పక్కనే. జీపు అక్కడే ఆగింది. మూటలు దింపుతుంటే అతను గట్టు దిగి వచ్చాడు.

"ఏటే పిల్లా, కాటా ఇటుంటే అటు దింపుతన్నావు? వానల్లో తడిసిన సరుకు ఎవుడు కొంటాడు? ఏదీ, సూడనీ."

అలవాటు కొద్దీ మూట మూతి దగ్గరికి చెయ్యి చాపాడు.

"సెయ్యి తియ్యి బాబూ. ఆకు పడింది" అన్నాను.

అతను ఆకులను చూశాడు, నన్ను చూశాడు. ఆ సంతలోనే పుట్టి పెరిగిన మనిషి కదా, చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. మా ఊరి కోడలు కూడా అక్కడే ఉంది. ఈసారి ఆమె నవ్వలేదు. "వదినా, ఆ ఫోను పాట నాకూ సెప్పవా?" అంది.

చెప్తానన్నాను. చెప్పాను కూడా. ఆమె నవ్విన సంగతి మాత్రం ముందు గుర్తు చేశాకే చెప్పాను.