ఆఫీసరు పటంలో మా ఆయన చెయ్యి

మా ఆయనకు ఫోటో లేదు. హోప్ టౌన్‌లో అప్పట్లో ఎవరికుంది గనక? శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి ఈ దీవులకు వచ్చినవాళ్ళం, చేపల వేట మీద బతికేవాళ్ళం. సముద్రం మనిషిని తీసుకుపోయింది, శవాన్ని కూడా ఇవ్వలేదు. ఆయన లుంగీ, చొక్కాల్లో గడ్డి కూరి, బొమ్మ చేసి ఒడ్డున తగలబెట్టారు. ఆ బొమ్మకు ముఖం లేదు. పిల్ల అప్పుడు నా కడుపులో ఉంది.

అంతకు ముందటేడు, పడవలకు పేర్లు రాసే పెయింటరుకు ఒక మిలిటరీ ఆఫీసరు పటం గీసే పని తగిలింది. ఛాతీ నిండా పతకాలున్న ఆఫీసరు. ఆయనకు కూర్చునే తీరికేదీ? ముఖం కోసం ఒక ఫోటో, ఒంటి కోసం తన కోటు పంపించాడు. ఆ కోటుకు సరిపడే ఛాతీ కోసం వెతికి వెతికి, పెయింటరు మా ఆయన్ని పట్టుకుపోయాడు.

కత్తి పిడి మీద చెయ్యేసి నిలబడ్డాడు మా ఆయన. అన్నం పట్టుకెళ్ళి చూసి నాకు నవ్వాగలేదు.

"సాబుగారూ, సేపల కూర తింతారా?"

"నవ్వించకే, పతకాలు ఊడిపోతాయి," అన్నాడు బిగుసుకుని.

పెయింటరు చూసింది చూసినట్టే వేశాడు. గేలం తాడు కోసి కోసి చూపుడువేలి మీద పడిన గాడితో సహా. ఆ పటం రేవుకు అవతల డెలానీపూర్‌లో ఒక ఆఫీసు గోడకెక్కింది. మా ఆయన పోయాక, రేవు దాటి వెళ్ళి, ప్యూనును బతిమాలి, ఆ చెయ్యి చూసుకుని వచ్చేదాన్ని. అదొక్కటే మిగిలింది నాకు.

పిల్లకు మాటలొచ్చాయి. "అమ్మా, అయ్య ఎలాగుండేవోడే?" అని ఒకటే పోరు. చెయ్యైనా చూపిద్దామని తీసుకెళ్ళాను. పటంలో చేతులకు తెల్ల గ్లౌజులున్నాయి.

పిల్లనెత్తుకుని పెయింటరు దగ్గరికి పరుగెత్తాను.

"ఏం చేయను దీదీ, మేమ్‌సాబ్ గుస్సా అయింది. సాబ్ చెయ్యి మచ్ఛీవాలా చెయ్యిలా, చేపలు పట్టేవాడి చెయ్యిలా ఉందని అందరూ నవ్వారంట. కప్పెయ్ అంది."

"కిందే ఉంది కదా భయ్యా. గీకీయ్. పిల్ల ఒక్కపాలి సూసినాక మళ్ళీ గ్లౌజు ఏసీయ్."

"గీకితే రెండూ పోతాయి దీదీ."

పిల్లను ఒళ్ళో పెట్టుకుని అక్కడే కూర్చున్నాను. అతనికి జాలేసిందేమో, కాగితం, పెన్సిలు తీశాడు. "ముఖం ఎలా ఉండేదో చెప్పు. గీసిస్తాను."

చెప్పాను. ముక్కు ఇలా, మీసం ఇలా, నుదురు ఇంత. చెబుతున్నంతసేపూ కళ్ళముందు స్పష్టంగానే కనిపించింది. అతను గీసి కాగితం నా వైపు తిప్పాడు. ఆఫీసరే. టోపీ లేదంతే. ఇన్నాళ్ళూ ఆ చెయ్యి కోసం వెళ్ళి నేను చూసిన ముఖం అదే మరి. మా ఆయనది ఎప్పుడు చెరిగిపోయిందో నాకే తెలియలేదు.

పిల్ల ఆ కాగితాన్ని రెండు చేతులా పట్టుకుంది. "అయ్యేనా?" అంది.